మా బుజ్జి యాక్సొలాటల్‌కి కొన్న స్పాంజ్ ఫిల్టర్

మా యాక్సొలాటల్ (నీళ్లలోనే బతికే, మొప్పలు బయటికి కనిపించే, బల్లిలాంటి ఉభయచర జీవి) పిల్ల పొడవు ఇప్పుడు ఏడు సెంటీమీటర్లు. మొదట ట్యాంకు అంచుకి తగిలించే ఫిల్టర్ పెట్టాను. నీళ్లు అద్దంలా ఉండేవి గానీ, వీడి మొప్పలు ఎప్పుడూ ముందుకు వంగి, తోక కొస చుట్టుకుపోయి కనిపించేది. ధార జోరు ఎక్కువై ఇబ్బంది పడుతున్నాడని నాకు వెలగడానికి వారం పట్టింది.

అందుకే ఈ స్పాంజ్ ఫిల్టర్ కొన్నాను. గాలి పంపుతో నడుస్తుంది, బుడగలు తప్ప పెద్ద కదలికేమీ ఉండదు. పాతదాని ధార బాగా తగ్గించి, కొత్త స్పాంజ్‌లో వ్యర్థాలను శుద్ధి చేసే మంచి బ్యాక్టీరియా పెరిగేలా రెండూ కలిపి ఆరు వారాలు నడిపాక పాతది తీసేశాను. మొప్పలు మళ్లీ వెనక్కి విచ్చుకున్నాయి. వ్యర్థాల వల్ల నీటిలో చేరే విషాలు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా.

తర్వాత నేనే చెడగొట్టాను. స్పాంజ్ మురికిగా ఉందని కుళాయి కింద శుభ్రంగా పిండేశాను. క్లోరిన్‌కి మంచి బ్యాక్టీరియా పోయింది, మూడో రోజుకి అమ్మోనియా 0.5 చూపించింది. ఒకటే టెన్షన్! పిల్లాణ్ణి విడి డబ్బాలోకి మార్చి, రోజూ క్లోరిన్ తీసిన చల్లటి నీళ్లు పూర్తిగా మార్చాను. ఇప్పుడు ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే స్పాంజ్‌ని మెల్లగా పిండుతున్నాను.

లోపాలూ ఉన్నాయి. పంపు గుయ్‌మంటుంది, రాత్రి దాని కింద మడత పెట్టిన గుడ్డ వేస్తున్నాను. వానపాము ముక్కలు వదిలేస్తే ఇది లాగదు, డ్రాపర్‌తో మనమే తీయాలి. నీటిని చల్లబరచదు కూడా. 16-18 డిగ్రీలు నిలపడానికి ఫ్యాన్ విడిగా పెట్టాల్సి వచ్చింది. అడుగున అంటుకునే రబ్బరు కప్పు మాత్రం దండగ, రెండో వారానికే ఊడి వచ్చేసింది.