ఐరాస, ఆంక్షలు, ప్రాంతీయ కోర్టు: మానవ హక్కుల విషయంలో ఏది మేలు?

మయన్మార్ గురించో బెలారస్ గురించో రాసినప్పుడల్లా పాఠకుల నుంచి ఒకటే ప్రశ్న: "ఇదంతా సరే, బయటి దేశాలు ఏం చేస్తే పని జరుగుతుంది? ఐక్యరాజ్యసమితిలో నిలదీయడమా, ఆంక్షలు పెట్టడమా, కోర్టుకు లాగడమా?" ఎవరికి వాళ్లకు విడిగా జవాబు రాసీ రాసీ ఓపిక అయిపోయింది. అందుకే అన్నీ ఒకచోట పెడుతున్నాను.

నేను ముందు చూసేది ఒక్కటే. అన్యాయం జరిగిన మనిషి తానే వెళ్లి ఫిర్యాదు చేయగలడా, లేక తన తరఫున ఇంకో ప్రభుత్వం మాట్లాడేదాకా ఎదురు చూడాలా? ఖర్చు, వేగం, పరువు ప్రతిష్ఠల లెక్కలు ఆ తర్వాతే.

ముందు ఐరాస మానవ హక్కుల మండలి. జెనీవాలో ఉంటుంది, 47 సభ్య దేశాలు. పాత కమిషన్ పరువు పోగొట్టుకున్నాక 2006లో దీన్ని పెట్టారు. ఇందులోనూ హక్కులను కాలరాసే ప్రభుత్వాలు దర్జాగా కూర్చుంటాయన్న విమర్శ ఉంది, అది నిజమే. అయినా దీనికి ఒక మంచి గుణం ఉంది. ఇక్కడి సమీక్ష ఎవరినీ వదలదు. అమెరికా అయినా ఉత్తర కొరియా అయినా నాలుగైదేళ్లకోసారి వచ్చి మిగతా దేశాల ప్రశ్నలకు జవాబు చెప్పాలి (2025లో అమెరికా తన వంతుకు రాలేదు, కానీ నియమం మాత్రం అందరికీ అదే). మన వంతు 2008, 2012, 2017, 2022లో వచ్చింది. చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం మీద భారత్ 1997లో సంతకం పెట్టింది కదా, ధ్రువీకరణ ఎప్పుడని ఈ సమీక్షల్లో అడుగుతూనే ఉన్నారు. ఒప్పందం ఇంకా అక్కడే ఉంది. స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ లాంటిదే ఇదీ: అందరూ తలలూపుతారు, ఇంటికెళ్లాక ఏం చేస్తారో ఎవరూ చూడరు.

మండలి నిజంగా పనికొచ్చేది రికార్డు తయారు చేయడంలో. రోహింగ్యాలపై జరిగిన దారుణాల మీద అది పంపిన నిజనిర్ధారణ బృందం బాధితుల వాంగ్మూలాలు సేకరించి నివేదికలిచ్చింది. 2019లో గాంబియా మయన్మార్‌ను హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి లాగినప్పుడు ఆ నివేదికలే ఆధారమయ్యాయి. కానీ కేసు వేసింది గాంబియా. బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ శరణార్థి శిబిరంలో ఉన్న రోహింగ్యా తానుగా ఆ కోర్టుకు వెళ్లలేడు. అక్కడ దేశాలకే ప్రవేశం.

ఇక ఆంక్షలు. వీటిని సమర్థించేవాళ్లు మొదట చెప్పే పేరు దక్షిణాఫ్రికా, అందులో తప్పేమీ లేదు. వర్ణవివక్ష మీద ఆ దేశంతో వ్యాపారం తెంచుకున్న మొదటి దేశం మనదే, 1946లోనే. 1974లో డేవిస్ కప్ ఫైనల్ దాకా వెళ్లి, ఎదుట ఉన్నది దక్షిణాఫ్రికా కాబట్టి కప్పునే వదులుకున్నాం. 1977లో భద్రతా మండలి ఆయుధాల అమ్మకాన్ని నిషేధించింది. 1986లో అమెరికా కాంగ్రెస్ అధ్యక్షుడు రీగన్ వీటోను కాదని మరీ ఆంక్షల చట్టం చేసింది. 1990లో మండేలా విడుదల, 1994లో అందరూ ఓటేసిన ఎన్నికలు.

అయితే అక్కడ కలిసొచ్చినవన్నీ ఇంకోచోట కలిసిరావు. ఆంక్షలు పెట్టండని అడిగింది అక్కడి నల్లజాతి ఉద్యమమే. ఆ ఆర్థిక వ్యవస్థ పాశ్చాత్య బ్యాంకుల అప్పుల మీద నడిచేది. 1985లో చేజ్ మన్‌హట్టన్ బ్యాంకు అప్పులు పొడిగించబోమనడంతోనే ప్రభుత్వానికి టెన్షన్ మొదలైంది. అదే మందు 1990 నుంచి ఇరాక్‌కు వేస్తే, సద్దాం రాజభవనాలు కట్టుకుంటూనే ఉన్నాడు, ఆసుపత్రుల్లో మందులు లేక పిల్లలు పోయారు. అక్కడ ఐరాస సహాయ కార్యక్రమాలు చూసిన డెనిస్ హాలిడే 1998లో రాజీనామా చేసి బయటికొచ్చి ఆంక్షలనే తప్పుపట్టాడు. ఆ అనుభవం తర్వాతే మనుషుల పేర్లతో ఆంక్షలు పెరిగాయి. అమెరికా మాగ్నిట్‌స్కీ చట్టాల పద్ధతి అది: ఫలానా జనరల్‌కు వీసా లేదు, ఖాతా స్తంభన. దేశం మొత్తాన్ని పస్తులు పెట్టడం కన్నా ఇది ఎంతో నయం. కాకపోతే ఆ జాబితాలో ఎవరి పేరు ఎక్కాలో నిర్ణయించేది ఒక ప్రభుత్వం. మిత్రదేశపు జనరల్ పేరు ఎక్కడం అంత తేలిక కాదు.

ఇప్పుడు నా మొగ్గు ఎటో చెబుతాను: ప్రాంతీయ మానవ హక్కుల కోర్టు. మనకు బాగా తెలిసిన ఎన్‌కౌంటర్ అన్న విషయాన్నే తీసుకుని చూడండి.

1988 మార్చి 6న స్పెయిన్ అంచున బ్రిటన్ ఏలుబడిలో ఉన్న జిబ్రాల్టర్‌లో బ్రిటిష్ కమాండోలు ముగ్గురు ఐఆర్‌ఏ (ఉత్తర ఐర్లాండ్‌లో బ్రిటిష్ పాలన మీద పోరాడిన సాయుధ సంస్థ) సభ్యులను నడివీధిలో కాల్చి చంపారు. వాళ్ల దగ్గర తుపాకులు లేవు. వాళ్లు నిలిపిన కారులో బాంబు లేదు. పేలుడు పదార్థాలున్న కారు తర్వాత స్పెయిన్‌లో దొరికింది. అంటే వాళ్లేమీ అమాయకులు కాదు. స్థానిక విచారణలో జ్యూరీ 9–2తో కాల్పులు చట్టబద్ధమేనంది. మామూలుగా కథ అక్కడితో అయిపోవాలి. చనిపోయినవాళ్ల కుటుంబాలు స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల వ్యవస్థకు వెళ్లాయి. 1995 సెప్టెంబరులో కోర్టు 10–9తో బ్రిటన్ తప్పు చేసిందని తీర్పిచ్చింది.

ఆ తీర్పులో నాకు నచ్చేది దాని తర్కం. సైనికులను అది తప్పుపట్టలేదు. బటన్ నొక్కితే బాంబు పేలుతుందని పైవాళ్లు ఖాయంగా చెప్పారు, వీళ్లు నమ్మారు. తప్పు పథకం వేసినవాళ్లది: సరిహద్దు దగ్గరే ఆపి పట్టుకోవచ్చు, ఆపలేదు, తమ సమాచారం తప్పయ్యే అవకాశం ఉందని లెక్కలోకి తీసుకోలేదు. బాంబు పెట్టడానికి వచ్చినవాళ్లు కాబట్టి నష్టపరిహారం ఇవ్వలేదు, కోర్టు ఖర్చులు మాత్రం ఇప్పించింది. లండన్‌లో మంత్రులు మండిపడ్డారు. అయినా ఖర్చులు కట్టారు.

2009లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం కూడా ఎన్‌కౌంటర్ మరణానికి ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాల్సిందేనని, ఆత్మరక్షణ అవునో కాదో పోలీసులే తేల్చేసుకోకూడదని చెప్పింది. సుప్రీంకోర్టు దానిపై స్టే ఇచ్చింది. మన దగ్గర సుప్రీంకోర్టు దాటితే ఆకాశమే. జిబ్రాల్టర్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు ఆ పైన ఇంకో మెట్టు ఉంది.

ఈ కోర్టులకు పోలీసులు, సైన్యం లేవన్నది నిజం. జైల్లో ఉన్న టర్కీ హక్కుల కార్యకర్త ఉస్మాన్ కవాలాను విడుదల చేయమని 2019లో స్ట్రాస్‌బర్గ్ చెబితే, టర్కీ కోర్టు 2022లో ఆయనకు జీవిత ఖైదు వేసింది. అదే ఏడాది రష్యాను ఈ కోర్టు వెనకున్న దేశాల కూటమి కౌన్సిల్ ఆఫ్ యూరప్ నుంచి బహిష్కరించారు, దాంతో కొత్త అన్యాయాలకు రష్యన్లకు ఆ దారి మూసుకుపోయింది. ఆలస్యం కూడా తక్కువేం కాదు, జిబ్రాల్టర్ కాల్పుల నుంచి తీర్పు దాకా ఏడేళ్లు పట్టింది. అయినా తీర్పు ఒక్కసారి పుట్టాక ఎప్పుడో ఒకప్పుడు అక్కరకొస్తుంది. పెరూ ప్రభుత్వం తన సైనికులకు, పోలీసులకు తానే క్షమాభిక్ష పెట్టుకున్న చట్టాలు చెల్లవని కోస్టారికాలోని శాన్ హోసెలో ఉన్న అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టు 2001లో చెప్పింది. ఆ చట్టాలు కప్పిపుచ్చిన హత్యల కేసులోనే 2009లో మాజీ అధ్యక్షుడు ఫుజిమోరికి సొంత దేశపు కోర్టే 25 ఏళ్ల శిక్ష వేసింది.

ఆఫ్రికా మానవ హక్కుల కోర్టు టాంజానియాలోని అరూషాలో ఉంది. సభ్య దేశం ప్రత్యేకంగా ఒప్పుకుంటేనే మామూలు మనిషి నేరుగా వెళ్లగలడు. రువాండా, టాంజానియా, బెనిన్, ఐవరీ కోస్ట్ ఆ ఒప్పుకోలును వెనక్కి తీసుకున్నాయి. ఏ తలుపంటే ప్రభుత్వాలకు భయమో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఎన్నికల పరిశీలకుల సంగతి కూడా అడుగుతారు. ఉంటే మంచిదే. 2017లో కెన్యా ఎన్నికలను విదేశీ పరిశీలకులు మెచ్చుకున్నారు, మూడు వారాల్లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఫలితాన్నే కొట్టేసింది. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్ పెట్టుకున్న మానవ హక్కుల కమిషన్‌కు వ్యక్తుల ఫిర్యాదుల మీద తీర్పు చెప్పే అధికారమే లేదు, కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను.

ఆసియాలో అలాంటి కోర్టు లేదు, ఇప్పట్లో వచ్చేలా కూడా లేదు. ఉన్నంతలో దారి ఒకటుంది: పౌర, రాజకీయ హక్కుల ఒప్పందానికున్న అనుబంధ ఒప్పందం. దాంట్లో చేరిన దేశపు పౌరులు ఐరాస నిపుణుల కమిటీకి నేరుగా ఫిర్యాదు చేయవచ్చు. నేపాల్ చేరింది. అంతర్యుద్ధంలో మాయమైన భర్త కోసం ఒక నేపాలీ మహిళ వెళితే, 2008లో కమిటీ ప్రభుత్వానిదే తప్పని తేల్చింది. భారత్ 1979లో అసలు ఒప్పందంలో చేరింది, ఈ అనుబంధంలో మాత్రం చేరలేదు.

యూరప్‌లో ఉన్న తెలుగువాళ్లకు ఒక మాట. స్ట్రాస్‌బర్గ్ పౌరసత్వం అడగదు. లండన్‌లో చదువుకునే విద్యార్థి అయినా, డబ్లిన్‌లో నర్సు అయినా, అక్కడి ప్రభుత్వం హక్కులు ఉల్లంఘిస్తే అర్జీ పెట్టవచ్చు. ఫీజు లేదు, మొదట్లో లాయరు కూడా తప్పనిసరి కాదు. అక్కడి కోర్టులన్నీ అయిపోయాకే వెళ్లాలి. అర్జీల్లో చాలా భాగం గడప దగ్గరే ఆగిపోతాయి. గడువు ఆఖరి తీర్పు నుంచి నాలుగు నెలలు. 2022కు ముందు ఆరు ఉండేది, పాత సమాచారం చూసి మోసపోకండి.