ఉచితంగా దొరికే సినిమాకి డబ్బు పెట్టి డిస్క్ కొన్నాను: ఇన్నేళ్లు వాడాక నా మాట

‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ అని 1968 నాటి అమెరికా హారర్ సినిమా, శవాలు లేచి మనుషుల మీద పడే కథ. దాని మొదట్లో బార్బరా పరుగెత్తుకొచ్చి కారులో దూరుతుంది. తాళం ఉండదు. హ్యాండ్‌బ్రేక్ వదిలేస్తే కారు పల్లంలోకి జారుకుంటూ వెళ్లి చెట్టుకు కొట్టుకుని ఆగుతుంది. ఆ షాట్ ఎన్నిసార్లు చూసినా నాకు ప్రత్యేకంగా ఏమీ అనిపించలేదు. అసలు సంగతి ఏమిటంటే ఆ కారు, సినిమాలో బార్బరా అన్న వేషం వేసిన రసెల్ స్ట్రైనర్ వాళ్లమ్మది. షూటింగ్ రోజుల మధ్యలో దానికి సొట్ట పడింది. ముందు తీసిన షాట్లలో కారు బాగానే ఉంది, ఇక తీయబోయే షాట్లలో సొట్ట కనిపిస్తుంది. బాగు చేయించడానికి డబ్బుల్లేవు. అందుకని కారు చెట్టుకు కొట్టుకునే సీన్ రాసేసుకున్నారు!

నేను తెనాలిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో కెమెరాకి పురోహితుడి భుజం అడ్డొస్తే, ఆ నాలుగు సెకన్లను పెళ్లికూతురి మేనమామ ముఖంతో కప్పి, వాద్యం మోత పెంచి ఇస్తాను. కాబట్టి ఆ కారు సంగతి తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదంటే నమ్మండి. నా పని నాకు కొత్తగా కనిపించింది. ఈ సినిమా బ్లూ-రే డిస్క్ (డీవీడీ కన్నా స్పష్టంగా చూపించే రకం) నాకు ఇచ్చింది ఇలాంటివే. బొమ్మ ఎంత స్పష్టంగా ఉందో, పెట్టె ఎంత అందంగా ఉందో ఇంటర్నెట్‌లో బోలెడన్ని సమీక్షలు ఉన్నాయి. నేను మాట్లాడేది కామెంటరీ ట్రాక్ గురించి, అంటే సినిమా నడుస్తుండగా దాన్ని తీసినవాళ్లు మాట్లాడే మాటల గురించి.

ముందు అందరూ అడిగే ప్రశ్న. ఈ సినిమా ఉచితంగా దొరుకుతుంది కదా, కొనడమెందుకు? దొరుకుతుంది, చట్టప్రకారమే. 1968లో విడుదలకు ముందు డిస్ట్రిబ్యూటర్ సినిమా పేరు మార్చాడు. అంతకుముందు అది ‘నైట్ ఆఫ్ ది ఫ్లెష్ ఈటర్స్’. కాపీరైట్ గుర్తు ఆ పాత టైటిల్ కార్డు మీదే ఉండేది. కార్డు మార్చినప్పుడు గుర్తు కూడా పోయింది. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ గుర్తు లేకుండా విడుదలైతే హక్కులు పోయినట్టే. దాంతో ఎవరికి దొరికిన ప్రింటు వాళ్లు క్యాసెట్లుగా, డీవీడీలుగా అమ్ముకున్నారు. తీసినవాళ్లకు రావాల్సిన డబ్బు రాలేదు. సుమారు 1,14,000 డాలర్లతో తీసిన సినిమా ఒక కొత్త రకం హారర్‌కే దారి చూపింది, తీసినవాళ్లు మాత్రం నష్టపోయారు. ఈ కథ తెలిశాక ఉచితంగా చూడటం నాకు కష్టంగానే ఉండేది.

నేను మొదట చూసింది యూట్యూబ్‌లోనే. నలుపంతా ఒకే ముద్దలా, తెలుపంతా సున్నం కొట్టినట్టు ఉండేది. 2016లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్, ఫిల్మ్ ఫౌండేషన్ కలిసి అసలు నెగెటివ్ నుంచి 4కేలో, అంటే చాలా ఎక్కువ స్పష్టతతో, బాగుచేశాయి. ఆ ప్రింటుతో అమెరికాలో 2018 ఫిబ్రవరిలో బ్లూ-రే వచ్చింది. నా దగ్గరున్నది అదే. మొదటిసారి చూసినప్పుడు శ్మశానంలో గడ్డి పరకలు లెక్కపెట్టొచ్చు అనిపించింది, ఆ మాట నలుగురికీ చెప్పాను కూడా. ఇప్పుడు కొంచెం తగ్గించి చెప్పాలి. మాది 32 అంగుళాల టీవీ. మంచం మీద కూర్చుని చూస్తే ముఖాలు, నీడలు నిజంగా బాగుంటాయి, గడ్డి పరకలు మాత్రం టీవీ దగ్గరికెళ్లి చూస్తేనే. శబ్దం విషయంలో ఒక్క ముక్క కూడా వెనక్కి తీసుకోను. అది మోనో సౌండే, కానీ కుదించకుండా ఇచ్చారు. రాత్రి సీన్లలో కీచురాళ్ల చప్పుడు హెడ్‌ఫోన్స్‌లో మా పెరట్లో వినిపించినట్టే ఉంటుంది.

ఇక కామెంటరీ. సినిమా నడుస్తుంటే దాన్ని తీసినవాళ్లు, నటించినవాళ్లు పక్కన కూర్చుని మాట్లాడుకుంటూ ఉంటారు. ఈ డిస్క్‌లో అలాంటివి రెండున్నాయి, రెండూ 1994లో రికార్డు చేసినవి. దర్శకుడు జార్జ్ రొమేరో ఉన్నారు. నేలమాళిగలో పెళ్లాంతో పోట్లాడే హ్యారీ కూపర్‌గా వేసిన కార్ల్ హార్డ్‌మన్, ఆ పెళ్లాంగా వేసిన మెరిలిన్ ఈస్ట్‌మన్ ఉన్నారు. ఆ ఇద్దరికీ బయట సౌండ్ స్టూడియో ఉండేది. సినిమాకి నటులు వాళ్లే, మేకప్ వాళ్లే, నిర్మాతల్లో హార్డ్‌మన్ కూడా ఒకరు. సినిమాలో వాళ్ల కూతురిగా కనిపించే పాప హార్డ్‌మన్ సొంత కూతురు. శ్మశానంలో మొదట కనిపించే శవం బిల్ హింజ్‌మన్, ఆయన యూనిట్‌లో కెమెరా పని చేసిన మనిషి. రక్తం చాక్లెట్ సిరప్. పెట్టుబడి పెట్టినవాళ్లలో ఒకాయనకు మాంసం కొట్టు ఉండేది, పేగులూ అవీ అక్కణ్నుంచే వచ్చాయి. సంగీతం కొత్తగా చేయించలేదు, లైబ్రరీలో రెడీగా దొరికే ముక్కలు కొని అతికారు. దాన్ని అతికినట్టు తెలియకుండా చేయడం ఎంత కష్టమో రోజూ నేను పడే పనే కాబట్టి నాకు తెలుసు.

రొమేరో 2017లో పోయారు. హార్డ్‌మన్, ఈస్ట్‌మన్, హింజ్‌మన్ కూడా లేరు. హీరో డువేన్ జోన్స్ 1988లోనే పోయారు కాబట్టి కామెంటరీలో ఆయన గొంతు ఉండదు, పాత ఇంటర్వ్యూ మాత్రం డిస్క్‌లో విడిగా పెట్టారు. అర్ధరాత్రి రెండరింగ్ (ఎడిట్ చేసిన వీడియోని కంప్యూటర్ తయారుచేసే పని) పెట్టుకుని వీళ్ల మాటలు వింటూ కూర్చోవడం నాకు అలవాటైపోయింది. డబ్బుల్లేని మనుషులు కలిసి ఒక పని చేసి, పాతికేళ్ల తర్వాత దాన్ని తలుచుకుని నవ్వుకోవడం ఎంత బాగుంటుందో చెప్పలేను.

కానీ ఇక్కడే నా పెద్ద ఫిర్యాదు. సినిమాకి సబ్‌టైటిల్స్ ఉంటాయి, కామెంటరీకి ఉండవు. ఈ ఒక్క డిస్క్ సంగతే కాదు, చాలా కంపెనీలది ఇదే పద్ధతి. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ముగ్గురు నలుగురు ఒకేసారి మాట్లాడుతూ, ఒకరి మాట మీద ఒకరు నవ్వుతూ ఉంటే మొదటిసారి నాకు అందింది పావు వంతు కూడా లేదు. రాత్రికి పది నిమిషాల చొప్పున, ఆపుకుంటూ, వెనక్కి తిప్పుకుంటూ, నోట్‌బుక్‌లో రాసుకుంటూ వింటే మొదటి ట్రాక్ పూర్తవడానికి నెలన్నర పట్టింది. రెండోది మూడో ఏడు గానీ నాకు నిజంగా అర్థం కాలేదు. ఇంగ్లిష్ రానివాడికి ఇది పనికిరాదని అననుగానీ, ఓపిక లేకపోతే కష్టం. కింద అక్షరాలు వేయడానికి వాళ్లకేం పోయిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఇప్పుడు ప్లేయర్ గొడవ. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే విదేశీ డిస్కులు తెప్పించుకుందామనుకునే ప్రతివాళ్లూ ఇందులో ఎక్కడో ఒకచోట చిక్కుకుంటారు.

మా అక్కావాళ్లు పిట్స్‌బర్గ్ దగ్గర ఉంటారు. పిట్స్‌బర్గ్ అంటే మనవాళ్లకు గుర్తొచ్చేది వెంకటేశ్వరస్వామి గుడి. నాకు మాత్రం ఈ సినిమా, ఎందుకంటే అది తీసింది ఆ చుట్టుపక్కలే. ఎవాన్స్ సిటీ శ్మశానం వాళ్లింటి నుంచి కారులో గంటలోపే. ఫోటో తీసి పంపమంటే అక్క ‘శ్మశానానికి నేను రాను’ అంది, పాపం బావే వెళ్లి సినిమాలో కనిపించే ఆ చిన్న చాపెల్ ఫోటో పంపారు. 2018 నవంబరులో డిస్క్ సగం ధరకి, సుమారు ఇరవై డాలర్లకి వస్తే అక్క కొని, సంక్రాంతికి వచ్చినప్పుడు తెచ్చింది. ప్లేయర్‌లో పెట్టగానే ఈ ప్రాంతానికి చెల్లదని తెర మీద మెసేజ్. బ్లూ-రేలకు ప్రపంచాన్ని మూడు ముక్కలు చేశారు, దీన్నే రీజియన్ కోడ్ అంటారు. అమెరికా ఎ, బ్రిటన్ బి, మనం సి. డీవీడీ రోజుల్లో రిమోట్ మీద ఏవో అంకెలు నొక్కితే కొన్ని ప్లేయర్లు అన్ని ప్రాంతాల డిస్కులూ ఆడేవి. బ్లూ-రేకి ఆ కిటుకు చాలావాటిలో పనిచేయదు. ఆరు నెలలు ఆ డిస్క్ బీరువాలోనే ఉంది.

ఆ వేసవిలో బావ వస్తూ అక్కడి పాత ప్లేయర్ ఒకటి తెచ్చారు. నేను ఊళ్లో లేను. మావాడు ఉత్సాహం ఆపుకోలేక ప్లగ్ గోడకి పెట్టి, డిస్క్ వేసేశాడు. ట్రే లోపలికి వెళ్లింది, టప్‌మని చప్పుడొచ్చింది, కాలిన వాసన. డిస్క్ లోపల, ప్లేయర్ చచ్చి బయట. నేను వచ్చేసరికి ఇంట్లో ఎవరూ మాట్లాడటం లేదు.

బోస్ రోడ్డులో పాత మెకానిక్ ఒకాయన ఉన్నాడు, నేను బాబాయ్ అంటాను. వెనక స్టిక్కర్ చూసి ‘ఇది నూట ఇరవై వోల్టుల సరుకు అబ్బాయ్, మన గోడలో రెండొందల ముప్ఫై వస్తుంది. అరిసె తినే పిల్లాడికి గంప పెట్టారు’ అన్నాడు. నాకు టెన్షన్ అంతా డిస్క్ గురించే. ఆయన పై మూత స్క్రూలు విప్పి, ట్రే పక్కనున్న పళ్ల చక్రాన్ని వేలితో మెల్లగా తిప్పాడు. ట్రే అంగుళం అంగుళం బయటికొచ్చింది. డిస్క్ మీద గీత కూడా లేదు. దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, ఏం సినిమా అని అడిగాడు. దెయ్యాల సినిమా అన్నాను. ఆయన ఒకప్పుడు రాత్రికి వీసీఆర్, మూడు క్యాసెట్లు కలిపి అద్దెకిచ్చేవాడట. దెయ్యాల క్యాసెట్ ఉంటే శనివారం ముందే చెప్పి పెట్టుకోవాల్సిందేనట. ‘వాటికి పెద్ద హీరోలు అక్కర్లేదు, అందుకే మాకు మిగిలేది’ అన్నాడు.

పోయింది ఫ్యూజు, దాని పక్కనున్న రెండు చిన్న భాగాలు, ఒక కెపాసిటర్. ఒకటి కోఠిలో గుజరాతీ గల్లీ నుంచి రావాల్సి వచ్చింది, మూడు వారాలు పట్టింది. 650 రూపాయలు తీసుకున్నాడు. వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఇంకో 1,100. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు ఆ ప్లేయర్ ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఈ మొత్తం వ్యవహారంలో నేను అస్సలు ఊహించనిది అదే. ప్లగ్ మీద మాత్రం ఎర్ర స్కెచ్ పెన్‌తో ‘గోడకి పెట్టొద్దు’ అని రాసి ఉంటుంది.

రాబోయే డిస్కుల కోసం ఎదురుచూసేవాళ్లకు దీన్నుంచి నేను చెప్పగలిగేది కొంచెమే. 4కే డిస్కులకు రీజియన్ కోడ్ ఉండదు, కాబట్టి 4కే ప్లేయర్ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. ఈ సినిమాకి కూడా 2022లో 4కే ఎడిషన్ వచ్చింది. అయితే ఎక్స్‌ట్రాలు (ఇంటర్వ్యూల్లాంటి అదనపు అంశాలు) చాలాసార్లు అదే పెట్టెలోని బ్లూ-రేలో పెడతారు, దానికి రీజియన్ ఉంటుంది. ప్రకటనలో ఆ వాక్యం చదవకుండా ముందస్తు బుకింగ్ చేయకండి. చిన్న బడ్జెట్ హారర్‌ని పట్టుకుని తెచ్చే డిస్క్ కంపెనీల్లో సెకండ్ సైట్ బ్రిటన్‌ది, సెవెరిన్, వినెగర్ సిండ్రోమ్, సినాప్స్ అమెరికావి, ‘యారో’ అనే కంపెనీ రెండుచోట్లా వేస్తుంది. ఒకే సినిమా రెండు దేశాల్లో వస్తే కామెంటరీలు వేరువేరుగా ఉండొచ్చు. బయటి అట్ట పెట్టె కోసం ఎగబడేవాళ్లున్నారు, నాకు ఆ మోజు లేదు. నేను చూసేది ఒక్కటే: సినిమా తీసినవాళ్లు మాట్లాడారా లేదా. విమర్శకులు మాట్లాడినవి నాకు అంతగా ఎక్కలేదు.

ఈ డిస్క్‌లో తొలి కూర్పు కాపీ ఒకటి, ‘నైట్ ఆఫ్ అనూబిస్’ పేరుతో ఉంది. కొన్నప్పుడు అదే గొప్ప అనుకున్నాను. ఇన్నేళ్లలో చూసింది ఒక్కసారి.

మన దగ్గర మోజర్ బేర్ కంపెనీ 28 రూపాయలకి వీసీడీ, 34కి డీవీడీ అమ్మిన రోజుల్లో కూడా తీసినవాళ్ల మాటలు వాటిలో పెట్టలేదు. తర్వాత తెలుగు డిస్కులే ఆగిపోయాయి. 2012లో రవిబాబు ‘అవును’ ఎక్కువ భాగం ఒకే ఇంట్లో తీశారు. ఆ ఇంట్లో కెమెరా ఎక్కడ పెట్టారు, దేన్ని దాచారు, ఏది తీయలేక వదిలేశారు, ఇవన్నీ సినిమా నడుస్తుండగా ఆయన గొంతులో వినాలని నాకెంత ఉందో! ‘మా ఊరి పొలిమేర’ 2021లో నేరుగా ఓటీటీకి వచ్చింది. ఫోన్‌లో చూశాను, భయపడ్డాను, అంతే. ఆ ఊళ్లో ఆ రాత్రులు ఎలా తీశారో చెప్పే ట్రాక్ ఏదీ అందులో లేదు. ఇంగ్లిష్‌లో ముక్క ముక్క అర్థం చేసుకున్న నాకు తెలుగులో అది దొరికితే ఎలా ఉంటుందో ఊహించుకుంటాను.

కొనమంటారా అని అడిగితే సూటిగా చెప్పలేను. నాకు అమెరికాలో అక్క ఉంది, బాబాయ్ లాంటి మెకానిక్ ఉన్నాడు, నా పని కూడా కోత, అతుకే. ఈ మూడూ లేనివాళ్లకి డిస్క్, ప్లేయర్, ట్రాన్స్‌ఫార్మర్ కలిపి ఒక సినిమాకి పెట్టే ఖర్చు ఎక్కువే. సినిమా ఒక్కటే చాలనుకుంటే ఉచితంగా దొరికేవాటిలో కాస్త మంచి ప్రింటు వెతుక్కుని చూడండి. ఎడిటింగో సౌండో చేసే కుర్రాళ్లయితే మాత్రం ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకునైనా ఆ రెండు ట్రాకులూ వినండి. తెనాలి వస్తే మా ఇంట్లోనే వినొచ్చు, నోట్‌బుక్ కూడా ఇస్తాను.

అక్క మళ్లీ సంక్రాంతికి వస్తోంది. ఈసారి రెండు పేర్లు పంపాను, రెండూ చిన్న సినిమాలే. ఒకదాని అట్ట వెనక దర్శకుడి కామెంటరీ ఉందని రాసి ఉంది. రెండోదానిలో ఉందో లేదో షాపులో తిప్పి చూసి చెప్తానంది. లేకపోతే అక్కడే పెట్టేసి రమ్మన్నాను.