సెకండ్ హ్యాండ్ సీజెడ్ 75 పిస్టల్, కొన్నాక ఏం చూశానంటే
9 ఎంఎంది తీసుకున్నా, పాతదైనా చేతిలో భలే కుదిరింది. ముందు మ్యాగజైన్ తీసేసి, స్లైడ్ (పైన ముందుకీ వెనక్కీ కదిలే భాగం) వెనక్కి లాగి లాక్ చేసి, చాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీనా కాదా కళ్ళతో చూసి వేలితో కూడా తడిమా, అమ్మినాయన ఖాళీయే అన్నా సరే ఇది మాత్రం వదలొద్దు. బ్యారెల్‌లోకి లైటేసి చూస్తే తుప్పు గుంటలేం లేవు, కానీ ఎక్స్‌ట్రాక్టర్ (కాల్చిన తూటా ఖోళీని బయటికి లాగేది) కొక్కెం కింద మసి గట్టిగా పేరుకుపోయింది, సాల్వెంట్ వేసి నైలాన్ బ్రష్‌తో రుద్దితే గానీ వదల్లేదు. దీంట్లో స్లైడ్, కింది ఫ్రేమ్ లోపలి పట్టాల మీద నడుస్తుంది, అక్కడ పల్చగా నూనె చాలు, ఎక్కువైతే దుమ్ము పట్టేస్తుంది. స్లైడ్‌ని తిరిగి ముందుకు నెట్టే రీకాయిల్ స్ప్రింగ్ ఎన్ని రౌండ్లు చూసిందో ఎవరికి తెలుసు, అందుకే కొత్తది వేసేశా. రేంజ్‌లో 100 రౌండ్లు కాల్చా, ఒక్కసారి కూడా జామ్ కాలేదు, నాకైతే చాలా నచ్చింది.