సర్జరీ నుంచి నెలనెలా మందులు: చదవకుండా నొక్కేసిన ఆ ఒక్క లైను

ఇంగ్లండ్ వచ్చిన కొత్తలో "రేపు సర్జరీకి వెళ్ళాలమ్మా" అని ఫోన్లో అనేసరికి అమ్మ గుండె గుభేల్‌మంది. ఇక్కడ వీధి డాక్టరు క్లినిక్‌నే సర్జరీ అంటారని ఒప్పించడానికి తాతలు దిగొచ్చారు. ఆ సర్జరీ నుంచే నాలుగేళ్ళుగా నా థైరాయిడ్ మాత్రలు, ఇక్కడి ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్ యాప్‌లో ఆర్డర్ పెట్టి తెచ్చుకుంటున్నాను.

యాప్ ఎలా వాడాలో చెప్పను, ఇక్కడున్నవాళ్ళలో చాలామంది ఫోన్లలో ఉన్నదే. పొద్దున ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని క్యూలో వేలాడే పని తప్పింది, అది చాలు నాకు. పిల్లలు పడుకున్నాక మందు పేరు పక్కన టిక్ పెట్టి పంపేస్తే, రెండు మూడు పనిదినాల్లో డాక్టరు ఓకే చేసిన చీటీ కంప్యూటర్లోనే మనం ఎంచుకున్న ఫార్మసీకి వెళ్ళిపోతుంది. కాగితం మోసే పనే లేదు. ఈ "ఎంచుకున్న ఫార్మసీ" గురించి కనిపించిన ప్రతివాళ్ళకీ గొప్పగా చెప్పాను. ఇప్పుడు కొంచెం తగ్గించి చెప్పాల్సి వస్తోంది.

అదే ఊళ్ళో ఇల్లు మారాం. సర్జరీ పాతదే. కొత్త అడ్రస్ వాళ్ళకి ఇచ్చాను కదా, ఫార్మసీ కూడా దానితోపాటే మారిపోతుందని ఎందుకనుకున్నానో నాకే తెలీదు. ఈస్టర్ వారం సోమవారం ఆర్డర్ పెట్టాను. చివర్లో ఫార్మసీ పేరు ఎదురుగానే కనిపిస్తుంది. నాలుగేళ్ళ అలవాటు, చదవకుండా నొక్కేశాను. గురువారానికి ఓకే అయింది. గుడ్ ఫ్రైడే పోయింది. శనివారం మధ్యాహ్నం, అట్టలో ఒకే ఒక్క మాత్ర మిగిలి ఉండగా, కొత్త ఇంటి దగ్గర ఫార్మసీకి వెళ్ళాను.

"మీ పేరు మీద ఏమీ రాలేదండీ" అంది ఆ ఫార్మసిస్ట్, స్క్రీన్ చూస్తూ. చీటీ పాత ఇంటి దగ్గర షాపుకి వెళ్ళింది, వాళ్ళు దించుకున్నారు కూడా. వాళ్ళు తిరిగి వెనక్కి వదిలితే ఏ ఫార్మసీ అయినా తీసుకోవచ్చట. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. షాపు మూసేశారు, సోమవారం కూడా సెలవే, మళ్ళీ తెరిచేది మంగళవారం.

నా టెన్షన్ చూసి ఆవిడే చెప్పింది: మీరు వేసుకునే థైరాక్సిన్ ఒంట్లో చాలా రోజులే ఉంటుంది, ఒకటి రెండు రోజులు తప్పితే కొంపలేం మునగవు, కానీ మానాల్సిన పని కూడా లేదు, 111 అనే ఎన్‌హెచ్‌ఎస్ సహాయ సేవ వెబ్‌సైట్‌లో అత్యవసరంగా మందు కావాలని పెట్టండి అని. దగ్గు మందుల అర పక్కన నిలబడి మందు పేరు, డోసు, ఎప్పుడు అయిపోతాయి అన్నీ నింపాను. మా చిన్నోడు ఈలోపు బ్యాండేజీల పెట్టెలన్నీ కింద పరిచాడు. కాసేపటికి నా వివరాలు ఆవిడ కంప్యూటర్లోకే వచ్చాయి. పాత డబ్బా మీద లేబుల్ చూపించమని అడిగి, రెండు ప్రశ్నలు వేసి, మందు చేతిలో పెట్టింది. ఆ దారి ఒకటుందని అప్పటిదాకా నాకు తెలియనే తెలియదు. పైసా తీసుకోలేదు.

పైసా అంటే గుర్తొచ్చింది. థైరాయిడ్ తక్కువై రోజూ థైరాక్సిన్ వేసుకునేవాళ్ళకి ఇంగ్లండ్‌లో చీటీ మీద రాసే మందులన్నీ ఉచితమే, థైరాయిడ్‌వి మాత్రమే కాదు. కానీ దానంతటది రాదు. సర్జరీలో ఎఫ్‌పీ92ఏ ఫారం అడిగి పెట్టించుకోవాలి, దాంతో వచ్చే మినహాయింపు సర్టిఫికెట్ 5 ఏళ్ళు నడుస్తుంది. ఇది తెలియక మొదటి ఏడు నెలలూ ఒక్కో మందుకి తొమ్మిది పౌండ్ల పైన కట్టాను. రసీదు అప్పటికప్పుడే అడిగి తీసుకుని ఉంటే కొంతైనా వెనక్కి వచ్చేదేమో.

మంగళవారం పాత షాపుకి వెళ్తే నా పేరు అంటించిన తెల్ల కాగితం సంచీ బుద్ధిగా కూర్చుని ఉంది. ఆ గుమ్మంలోనే నిలబడి యాప్‌లో ఫార్మసీ మార్చాను, నిమిషం పట్టింది. మార్చాక పెట్టే ఆర్డర్లకే అది పనిచేస్తుంది, ముందే పెట్టినవి పాత చోటికే పోవచ్చు. ఇల్లు మారేవాళ్ళు గ్యాస్, కరెంటు బిల్లులతో పాటు ఇది కూడా రాసి పెట్టుకోండి.

ఒక సణుగుడు మాత్రం పోలేదు. ఇండియాలో మా ఊళ్ళో మెడికల్ షాపులో వంద మాత్రల సీసా అడిగితే ఇచ్చేస్తారు, మూడు నెలలు దాని ఊసే ఉండదు. మా సర్జరీ 28 కన్నా ఎక్కువ రాయదు, అంటే ఏడాదికి పదమూడు సార్లు ఇదే తంతు. ఆరు వారాలు ఇండియా వెళ్తున్నామని ఆర్డర్‌తో పాటు రాసి పంపితే మాత్రం రెండు నెలలకి ఇచ్చారు.

నాది ఒకే మాత్ర, డోసు మారి రెండేళ్ళయింది, ఫోన్ ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది. కాబట్టి నాకు నడుస్తోంది. పక్క వీధిలో ఉండే అంకుల్‌కి ఐదు మందులు, ఒక్కోటి ఒక్కో తేదీకి అయిపోతుంది. ఆయన ఫార్మసీ ఇచ్చే కాగితం మీదే టిక్కులు పెట్టి, వాకింగ్‌కి వెళ్తూ సర్జరీ డబ్బాలో పడేసి వస్తారు. ఆయన్ని యాప్‌కి మారమని పోరడం నేను మానేశాను.