స్టాక్‌ఫిష్: ఐదుకు నాలుగున్నర స్టార్లు, ఆ అర స్టార్ ఎందుకు కోశానంటే

మల్కాజిగిరిలో సాయంత్రాలు పిల్లలకు చెస్ నేర్పిస్తుంటాను. ఆదివారం టోర్నమెంట్ అయిందంటే నా వాట్సాప్ నిండా స్క్రీన్‌షాట్లే. "సార్, యాప్‌లో రెడ్ చూపిస్తోంది, మావాడు మరీ అంత చెత్తగా ఆడాడా?" ఆ ఎర్ర గుర్తు వెనకాల చాలాసార్లు ఉండేది స్టాక్‌ఫిష్ ఇంజినే, అంటే చెస్ ఎత్తులను లెక్కేసి మంచిచెడ్డలు చెప్పే ప్రోగ్రామ్. అందుకే ఈ రివ్యూ. ఇకమీదట అడిగినవాళ్లందరికీ ఇదే పంపిస్తాను.

ముందు మంచి చెప్పాలి. పైసా ఖర్చు లేదు. 2008 నుంచి ఎవరైనా కోడ్ చూసి వాడుకునేలా ఓపెన్ సోర్స్‌గా నడుస్తోంది. 2020లో వచ్చిన 12వ వెర్షన్‌తో ఉదాహరణల నుంచి నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్ కూడా చేరి ఇంకా ముదిరింది. 2002లో ఆనంద్ ఇక్కడే, మన హైదరాబాద్‌లో ప్రపంచ కప్ గెలిచినప్పుడు ఇంత బలమైన ఇంజిన్ ఎవరి దగ్గరా లేదు. ఇప్పుడది ఏడో క్లాసు పిల్లాడి ఫోన్‌లో ఉంది. దాని బలం గురించి నాకు పేచీ లేదు.

నా పేచీ అది మొదటి సెకనులో చూపించే, ఎవరిది పైచేయో చెప్పే ప్లస్, మైనస్ అంకెతోనే.

ఇంజిన్ అన్ని ఎత్తులనూ ఒకే లోతులో, అంటే అన్నే ఎత్తులు ముందుకు, చూస్తుందని చాలామంది అనుకుంటారు. చూడదు. చూడాలంటే రోజులు సరిపోవు. పరీక్ష ముందు రాత్రి ఇంపార్టెంట్లు మాత్రమే తిరగేసే కుర్రాడి పద్ధతే దానిదీ. మంచివని తోచిన ఎత్తులను, లాభం వచ్చే కొట్టుడులను ముందు వరసలో పెట్టుకుంటుంది. ఏ హడావిడీ లేని ఎత్తులు సాధారణంగా వెనక్కి పోతాయి, వాటిని తక్కువ లోతులో చూస్తుంది. అక్కడ ఏదైనా మెరిస్తే మళ్లీ పూర్తిగా లెక్కేస్తుంది, మెరవకపోతే ముందుకెళ్లిపోతుంది. ఇక లోతు అయిపోయిన చోట దాదాపు కొట్టుడులు మాత్రమే చూసి అంకె వేసేస్తుంది. అంటే ఒక పావును బలిచ్చి, తర్వాత చెక్ కూడా ఇవ్వకుండా నెమ్మదిగా ఒక ఎత్తు వేసే ఆటకు రెండు దెబ్బలు. పావు పోయిందన్నది వెంటనే లెక్కలోకి వస్తుంది, దానికి వచ్చే ఫలం మాత్రం ఇంజిన్ చూడకుండా కత్తిరించిన కొమ్మలో ఉండిపోతుంది.

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ 1998లో స్పెయిన్‌లోని లినారెస్ టోర్నమెంట్‌లో గ్రాండ్‌మాస్టర్ తొపలోవ్ మీద ఇంకో గ్రాండ్‌మాస్టర్ షిరోవ్ ఆడిన 47వ ఎత్తు. తొపలోవ్‌వి తెల్లవి, షిరోవ్‌వి నల్లవి. రాజులు కాక ఇద్దరికీ చెరో బిషప్, మిగతావన్నీ బంట్లు. షిరోవ్ తన బిషప్‌ను ఎఫ్5 గడి నుంచి తీసుకెళ్లి హెచ్3లో, నేరుగా తెల్ల బంటు నోట్లో పెట్టాడు. చెక్ లేదు, దానితో కొట్టిందీ లేదు. తెల్ల బంటు దాన్ని కొట్టేసింది. నల్ల రాజు ఎఫ్5కి, అక్కడి నుంచి ఈ4కి నడిచాడు, అంతే. బిషప్ ఇచ్చి కొనుక్కున్నది ఒక్క ఎత్తు సమయం! దాంతో తెల్ల రాజు అడ్డం రాలేకపోయాడు, నల్ల బంట్లను ఆపడం ఒక్క బిషప్ వల్ల కాలేదు. ఇంకో ఆరు ఎత్తులకే తొపలోవ్ ఓటమి ఒప్పుకున్నాడు. అప్పటి ఇంజిన్లకు ఇది అందలేదు. ఒక బిషప్ తక్కువ అన్న లెక్క దగ్గరే ఆగిపోయేవి.

ఇలా అసలు సంగతి చూపు అంచుకు అవతల ఉండిపోవడాన్ని హొరైజన్ ఎఫెక్ట్ అంటారు. బిషప్ ఏ7లో బంటు తినడం, అవతలివాళ్లు బీ6 వేసి దారి మూయడం పాతకాలపు నమూనా. బంటు లాభం వెంటనే కనిపిస్తుంది, బిషప్ పోయేది తర్వాతెప్పుడో. ఇప్పటి స్టాక్‌ఫిష్ అంత తేలిగ్గా దొరకదు లెండి.

అసలు తంటా దాన్ని వాడే యాప్‌లతో. ఒక యాప్ (పేరెందుకు) గేమంతటినీ క్షణాల్లో తిరగేసి గుర్తులు కొట్టేస్తుంది. మా దగ్గర ఒక పాప రూక్ బలిచ్చి, తర్వాత ఎత్తులో చెక్ ఇవ్వకుండా రాజు పారిపోయే గడి మూసేసింది. యాప్ దానికి ఎర్ర గుర్తు వేసింది. అదే పొజిషన్‌ను లాప్‌టాప్‌లో పెట్టి వదిలేస్తే, కాసేపటికి అంకె మైనస్ నుంచి సున్నాకొచ్చి, ఉన్నట్టుండి మేట్ చూపించింది. అప్పటికే వాళ్ల నాన్న క్లాసు పీకేశారు.

అందుకని పేరెంట్స్‌కు నేను చెప్పేది ఇదీ: అనుమానం వచ్చిన ఎత్తు దగ్గర ఆగి, డెప్త్ (లోతు) అంకె బాగా పెరిగేదాకా ఉండండి. ఒకటి కాకుండా మూడు, నాలుగు లైన్లు (ఎత్తుల వరసలు) చూపించమని సెట్ చేయండి, దాంతో వెనక్కి నెట్టిన ఎత్తులు కూడా కొన్ని పైకొస్తాయి. ఇంకా తేలకపోతే పిల్లలు ఆడిన ఎత్తులే బోర్డు మీద ఒక్కొక్కటి ముందుకు వేసి, మళ్లీ వెనక్కి రండి. అక్కడ కనుక్కున్నది ఇంజిన్ మెమరీలో ఉంటుంది కాబట్టి, వెనక్కొచ్చాక చాలాసార్లు మాట మారుస్తుంది. ఇంకోటి, +1 అంటే ఒక బంటు ఎక్కువని కాదు. 15.1 వెర్షన్ నుంచి దానర్థం గెలిచే అవకాశం సగానికి సగం అని.

దీనికోసం కొత్త లాప్‌టాప్ కొనాలా అని అడుగుతున్నారు. అక్కర్లేదు, ఇంట్లో పాతది చాలు. ఫోన్‌లోనే చూస్తామంటే చార్జింగ్‌కు పెట్టి మాత్రం చూడకండి. మే నెల ఎండల్లో అది కాలిపోతుంది, వేడెక్కిందంటే లెక్క ఇంకా నెమ్మదిస్తుంది.