కొత్త చిత్రకారులు ఎక్కడ దొరుకుతారు: కాలేజీ డిస్‌ప్లేలోనా, గ్యాలరీలోనా, చిత్రసంతెలోనా?

గోడకి మంచి బొమ్మ కావాలి. అచ్చు పోస్టర్ వద్దు. అలాగని తోట వైకుంఠం, లక్ష్మాగౌడ్ లాంటి పేరున్న చిత్రకారుల ఒరిజినల్స్ కొనాలంటే మధ్యతరగతి జేబు సరిపోదు. అయితే ఈ ఇద్దరూ ఒకప్పుడు హైదరాబాద్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో విద్యార్థులే. తర్వాత బరోడా వెళ్లి పెద్ద చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. ఇవాళ అలాంటి కాలేజీల్లో రంగులు కలుపుతున్నవాళ్లలో చెయ్యి తిరిగినవాళ్లు ఎవరో మనమే కనిపెట్టగలమా? కనిపెట్టాలంటే ఎక్కడికి వెళ్లాలి?

నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను. చూడటానికి కాలేజీ ఫైనలియర్ డిస్‌ప్లేని మించింది లేదు. కొనడానికి మాత్రం ప్రతిసారీ అదే మేలని అనలేను.

డిస్‌ప్లే సంగతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. బీఎఫ్‌ఏ, ఎంఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్‌లో డిగ్రీ, పీజీ) ఆఖరి సంవత్సరం విద్యార్థులు తాము చేసిన పనంతా పరీక్ష కోసం స్టూడియోల్లో, క్లాసుగదుల్లో, వరండాల్లో పెడతారు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్లు చూసి మార్కులు వేస్తారు. ఆ పనినే కొద్దిరోజులు జనం చూడటానికి ఉంచుతారు. ఎక్కువగా ఎండాకాలంలోనే జరుగుతుంది, తేదీలు మాత్రం ఏటా మారతాయి. టికెట్టు ఉండదు, పెద్దగా ప్రచారమూ ఉండదు. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ), గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీకి చెందిన సరోజినీ నాయుడు స్కూల్, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ విభాగం మనకి దగ్గర్లో ఉన్నవి. బంగారు రంగు, ఎరుపు, నీలం పూసిన ఆ పెద్దపెద్ద స్త్రీల తలలు చేసిన శిల్పి జి. రవీందర్ రెడ్డి ఏళ్ల తరబడి పాఠాలు చెప్పింది ఆ విశాఖ విభాగంలోనే. తేదీలు తెలియాలంటే డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేయడమో, విద్యార్థుల ఇన్‌స్టాగ్రామ్ పేజీలు చూస్తూ ఉండడమో చేయాలి.

కాలేజీయే ఎందుకంటే, గ్యాలరీలో కొత్త ఆర్టిస్టువి రెండో మూడో బొమ్మలు కనిపిస్తాయి, అవీ ఏరి పెట్టినవి. ఇక్కడ ఒక మనిషి గోడంతా కనిపిస్తాడు. బాగా కుదిరినవీ, కుదరనివీ, మధ్యలో దారి మార్చినవీ అన్నీ పక్కపక్కనే ఉంటాయి. బల్ల మీద స్కెచ్‌బుక్ ఉంటే అడిగి తిరగేయండి. పెద్ద కాన్వాస్ మీద రంగులతో కప్పేసిన లోపం పెన్సిల్ గీతలో దాగదు. చేతిలో బలం ఉందా, గూగుల్ ఫొటో చూసి దించిందా అన్నది నాలుగు పేజీలకే తెలిసిపోతుంది.

ఇంకో లాభం, వేసినవాళ్లు పక్కనే నిలబడి ఉంటారు. "ఈ నలుపు ఎలా తెచ్చారమ్మా?" అని ఒక ఎచింగ్ (లోహపు ప్లేటు మీది గీతల్ని యాసిడ్‌తో కొరికించి తీసే ప్రింటు) ముందు అడిగి చూడండి. జింక్ ప్లేటు యాసిడ్‌లో ఎంతసేపు ఉంచిందో, ఎన్నిసార్లు చెడగొట్టిందో ఆ అమ్మాయి కళ్లు పెద్దవి చేసుకుని చెబుతుంది. వాడే సరంజామా గురించి ఇలా మాట్లాడేవాళ్ల మీద నాకు నమ్మకం ఎక్కువ. బొమ్మల వెనక ఆలోచన ఏమిటో రాసి గోడకి అతికించిన కాన్సెప్ట్ నోట్ ముందుగా చదవకండి. అందులో ఉండే "ఐడెంటిటీ", "మెమరీ", "స్పేస్" పక్క గోడ మీద నోట్‌లోనూ ఉంటాయి.

ఒక ఇబ్బంది కూడా ఉంది. ప్రతి బ్యాచ్ మీదా గురువు నీడ పడుతుంది. ఒకే రకం మట్టిరంగులు, ఒకే రకం పొడుగు మెడలు ఐదారుగురి గోడల మీద కనిపిస్తే, అది ఆ పిల్లల శైలి కాదు, మాస్టారి శైలి. కాబట్టి వీలైతే రెండు కాలేజీలు చూడాలి. మాసబ్ ట్యాంక్ చూసి, అదే సీజన్‌లో గచ్చిబౌలి కూడా చూస్తే ఎవరు ఎవరి నుంచి తెచ్చుకున్నారో, సొంతంగా ఏం చేశారో తేడా కనబడుతుంది.

బరోడా లెక్క వేరు. 1950లో మొదలైన ఎంఎస్ యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీలో ఎన్.ఎస్. బెంద్రే, శంఖో చౌధురి, సుబ్రమణ్యన్ లాంటివాళ్లు పాఠాలు చెప్పారు. దేశం నలుమూలల నుంచీ విద్యార్థులు వస్తారు కాబట్టి ఒకే కాంపౌండ్‌లో పది రకాల చేతులు కనిపిస్తాయి. కానీ అక్కడికి గ్యాలరీలవాళ్లు, బొమ్మలు కొని సేకరించే ఆర్ట్ కలెక్టర్లు కూడా వస్తారు. బాగున్నది మీ కంటే ముందే వాళ్ల కంట్లో పడే అవకాశం ఎక్కువ. ఇంకో సంగతి. 2007 మేలో పరీక్ష కోసం పెట్టిన బొమ్మల మీద బయటివాళ్లు వచ్చి గొడవ చేశారు. పోలీసులు ఒక తెలుగు విద్యార్థిని అరెస్టు చేశారు. విద్యార్థుల పక్షాన నిలబడిన ఇన్‌చార్జి డీన్ శివాజీ పణిక్కర్‌ని యూనివర్సిటీ సస్పెండ్ చేసింది. 2022 మేలో మళ్లీ విద్యార్థుల పని మీద వివాదం రేగింది. మార్కుల కోసం పెట్టిన బొమ్మకి ఇంత ఖరీదు కట్టాల్సి రావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. రైలు టికెట్ తీసుకునే ముందు ఈ ఏడాది బయటివాళ్లని రానిస్తున్నారా అని తప్పకుండా కనుక్కోండి.

శాంతినికేతన్‌లోని ఫైన్ ఆర్ట్స్ కాలేజీ కళాభవన్‌లో జరిగే నందన్ మేళా చాలామందికి కాలేజీ డిస్‌ప్లే లాగే అనిపిస్తుంది కానీ, అది పరీక్ష కాదు, సంబరం. అక్కడ పాఠాలు చెప్పిన పెద్ద చిత్రకారుడు నందలాల్ బోస్ పుట్టినరోజు డిసెంబర్ 3. దానికి ముందు రెండు రోజులు, అంటే 1, 2 తేదీల్లో, పాతికేళ్ల కుర్రాడి ప్రింటూ, పేరున్న మాస్టారి బొమ్మా, కుండలూ, క్యాలెండర్లూ పక్కపక్కనే అమ్ముతారు. ఆ డబ్బు విద్యార్థుల సహాయ నిధికి వెళుతుంది. నందలాల్ బోస్ దగ్గర చదువుకున్న మన చిత్రకారుడు కొండపల్లి శేషగిరిరావు గారిని ఇష్టపడేవాళ్లు ఆ ఊరు ఒకసారి చూసి రావాల్సిందే. చవకగా మంచి వస్తువులు దొరుకుతాయి. కొత్త ఆర్టిస్టుని కనిపెట్టడానికి మాత్రం అంత అనువు కాదు. మేళా కోసం చేసినవి చిన్నవి, తేలిగ్గా అమ్ముడయ్యేవి. వాటిని బట్టి మనిషిని అంచనా వేయలేం.

కొచ్చిలో రెండేళ్లకోసారి పెట్టే పెద్ద కళాప్రదర్శన బినాలేతో పాటు 2014 నుంచి జరుగుతున్న స్టూడెంట్స్ బినాలే ఇంకో దారి. ముఖ్యంగా ప్రభుత్వ ఆర్ట్ కాలేజీల నుంచి క్యూరేటర్లు (ప్రదర్శనని తీర్చేవాళ్లు) ఎంపిక చేసి తెచ్చిన పని అది. కొనడానికి వెళ్లే చోటు కాదు. పేర్లు రాసుకోవడానికి బాగుంటుంది.

గ్యాలరీ గురించి కాలేజీ పక్షంవాళ్లు కాస్త చులకనగా మాట్లాడతారు. "సగం డబ్బు వాళ్లే మింగేస్తారు" అంటారు. నిజమే, అమ్మిన ధరలో మూడో వంతు నుంచి సగం దాకా కమీషన్ ఉండడం మామూలే. అయితే ఆ డబ్బుకి ఒక పని జరుగుతుంది. ఏ బ్యాచ్ తీసుకున్నా, అందులో చాలామంది కొన్నాళ్లకి బొమ్మలు వేయడం మానేస్తారు. స్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగానో, యానిమేషన్ స్టూడియోలోనో, సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లోనో కుదురుకుంటారు. అందులో తప్పేమీ లేదు, బతకాలి కదా. కాలేజీ స్టూడియో, ప్రింట్లు తీసే ప్రెస్సు, మాస్టారి కేకలు ఇవేవీ లేకుండా, అద్దె గదిలో కూర్చుని ఇంకా వేస్తున్నది ఎవరు అన్నది డిస్‌ప్లేలో తెలియదు. హైదరాబాద్‌లో సృష్టి ఆర్ట్ గ్యాలరీ 'ఎమర్జింగ్ పాలెట్స్' పేరుతో కొత్తవాళ్లని ఎంచి పెట్టే షో లాంటివి ఆ జల్లెడ పని చేస్తాయి. సర్టిఫికెట్ ఇస్తారు, ప్యాకింగ్ చూసుకుంటారు, రేపు ఏదైనా తేడా వస్తే అడగడానికి ఒక తలుపు ఉంటుంది. జల్లెడ వాళ్లది కాబట్టి అభిరుచీ వాళ్లదే. అమ్ముడుపోని విచిత్రమైన పని చేసే కుర్రాడు అందులోంచి జారిపోతాడు. అలాంటి కుర్రాడు కనిపించేది కాలేజీ వరండాలోనే.

బెంగళూరు చిత్రసంతె గురించి తక్కువ మాటలతో సరిపెడతాను. కర్ణాటక చిత్రకళా పరిషత్తు రెండు దశాబ్దాలకు పైగా, ఎక్కువగా జనవరిలో, ఒక ఆదివారం కుమారకృపా రోడ్డు మొత్తాన్ని బొమ్మలతో నింపుతోంది. వెయ్యి మందికి పైగా ఆర్టిస్టులు, వంద రూపాయల నుంచి లక్షల దాకా ధరలు, మధ్యలో దళారీ లేడు. కుటుంబంతో వెళితే పండగే. కానీ పరిగెత్తే ఏడు గుర్రాలు, ధ్యానంలో బుద్ధుడు, వేణువుతో కృష్ణుడు దాటుకుంటూ వెళ్లేసరికి కళ్లు అలసిపోతాయి. ఇల్లు అలంకరించుకోవడానికి సంత మేలు. వెతకడానికి కాదు.

ఈ మధ్య కాలేజీ డిస్‌ప్లేలకి "పెట్టుబడి" అంటూ వచ్చేవాళ్లు కనిపిస్తున్నారు. వాళ్లు చెప్పే కథ ఒక్కటే. 1992లో గ్లాస్గో స్కూల్ ఆఫ్ ఆర్ట్ డిగ్రీ షో (మన ఫైనలియర్ డిస్‌ప్లే లాంటిదే) తర్వాత జెన్నీ సావిల్ అనే చిత్రకారిణి పనిని చార్లెస్ సాచీ అనే లండన్ ఆర్ట్ కలెక్టర్ కొనేశాడు. ఆ కాలంలో ఆమె వేసిన 'ప్రాప్డ్' అనే బొమ్మ 2018లో సదబీస్ వేలంలో 95 లక్షల పౌండ్లకి పోయింది. బతికున్న మహిళా చిత్రకారుల్లో అప్పటికి అదే రికార్డు. కథ నిజమే. కానీ సాచీ దగ్గర గ్యాలరీ ఉంది, డబ్బు ఉంది, తను కొన్నవాళ్లకి పేరు తెచ్చిపెట్టే పలుకుబడి ఉంది. మనం కొన్నంత మాత్రాన ఎవరి ధరా పెరగదు. పైగా మన 1957 కాపీరైట్ చట్టంలో 53ఎ సెక్షన్ ఒకటి ఉంది. ఒరిజినల్ చిత్రాన్ని పది వేలకి మించి తిరిగి అమ్మితే, దాన్ని వేసిన ఆర్టిస్టుకి ఆ ధరలో వాటా అడిగే హక్కు ఉంటుంది. ఈ సంగతి చెబితే పెట్టుబడిదారుల ముఖాలు మాడిపోతాయి, చూసి తీరాలి.

మరి డిస్‌ప్లేలోనే కొనాలా, ఆగాలా? నేనైతే ప్రింట్లు అక్కడే కొంటాను, కాన్వాసుకి ఆగుతాను. ఎచింగ్, వుడ్‌కట్ (చెక్క మీద చెక్కి తీసేది), లితో (రాయి మీద గీసి తీసేది) లాంటివి ఒకే ప్లేటు, చెక్క లేదా రాయి నుంచి కొన్ని కాపీలు తీస్తారు. కింద పెన్సిల్‌తో 3/10 అని ఉంటే, పదింటిలో ఇది మూడోది అని అర్థం. ఒరిజినలే, కానీ ఒక్కటే కాదు కాబట్టి ధర అందుబాటులో ఉంటుంది. పైగా కాలేజీలో ప్రెస్సు ఉన్నప్పుడు తీసినంత బాగా బయటికి వెళ్లాక తీయడం కష్టం. చదువు అయిపోయాక ప్రింట్‌మేకింగ్ విద్యార్థికి ముందు దూరమయ్యేది ఆ యంత్రమే. పెద్ద ఆయిల్ పెయింటింగ్ అయితే పేరు, ఫోన్ నంబర్ రాసుకుని, ఒకటి రెండేళ్ల తర్వాత ఏం చేస్తున్నారో చూడండి. ఇంకా వేస్తూ ఉంటే అప్పుడు కొనండి, ధర పెరిగినా సరే. చదువు ముగిసిన ఆ ఏడాదే వాళ్లకి డబ్బు ఎక్కువ అవసరం, ఆగడం న్యాయమా అని అడగవచ్చు. న్యాయం కాదు. అందుకే ఆగేవాళ్లు కనీసం ఒక డ్రాయింగ్ అయినా కొని ఆగాలి.

బేరం ఆడకండి. ఆ పిల్లలు చెప్పే ధరలో కాగితం, ఇంకు, ఫ్రేము ఖర్చు పోతే మిగిలేది కొంచెమే. నా దగ్గర అంత లేదనిపిస్తే చిన్నది చూపించమనండి. కొన్నాక బొమ్మ పేరు, ఏడాది, మీడియం (దేంతో చేశారో), సైజు కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకోండి. బొమ్మ మీదే అయినా కాపీరైట్ వాళ్లదే. మీ దుకాణం క్యాలెండర్ మీద వేయాలంటే మళ్లీ అడగాలి. కాగితం మీది పని అయితే ఫ్రేము కట్టేటప్పుడు అద్దానికీ కాగితానికీ మధ్య మౌంట్ (రెండూ తగలకుండా ఉంచే దళసరి అట్ట అంచు) పెట్టించండి, వానాకాలంలో చెమ్మ దిగే గోడకి వేలాడదీయకండి. బూజు పట్టిన బొమ్మ మళ్లీ మునుపటిలా అవదు.

శిల్పం ఇష్టమైనవాళ్లయితే డిస్‌ప్లే ఆఖరి రోజు సాయంత్రం వెళ్లండి. హాస్టల్ ఖాళీ చేయాలి, ఆరడుగుల ఫైబర్ బొమ్మని ఊరికి తీసుకెళ్లే దారి ఉండదు. మంచి మంచివి కాలేజీ పెరట్లోనే ఎండకీ వానకీ మిగిలిపోతుంటాయి. ధర ఎంతో వాళ్లనే అడగండి, ముందు ట్రాలీ ఆటో మాట్లాడుకుని వెళ్లండి.