సరుకుకు నాలుగు చుక్కలు, సంచికి సున్నా

రాజమహేంద్రవరంలో రసాయనాలు అమ్మే ఒక కొట్లో, నా మట్టి కూజాలకు మెరుపు తెద్దామని, కిలో సోడా యాష్ (నీరు లేని సోడియం కార్బొనేట్ పొడి) 90 రూపాయలకు కొన్నాను. రావులపాలెం చేరి విప్పితే సగం గడ్డలే. గాలిలోని చెమ్మను పీల్చే సరుకును, అందులోనూ గోదావరి పక్కన, పల్చటి కవరులో కట్టి ఇస్తే ఇంకేమవుతుంది? “బదులుగా చాకలి సోడా పలుకులు తీసుకోండి, రెండూ ఒకటేనండి” అన్నాడు కొట్టు అబ్బాయి. ఒకటి కాదు బాబూ, ఆ పలుకుల బరువులో 60 శాతానికి పైగా నీరే.

గడ్డలు చితక్కొట్టి, గోరువెచ్చని నీటిలో కరిగించి, ఒకసారి కాల్చిన కూజాలకు కుంచెతో పూశాను. ఆరేకొద్దీ నీటితోపాటు సోడా పైకి పాకి, మూతి అంచున తెల్లటి నూగులా తేలింది. దాన్ని తాకకూడదు. నేను తాకాను, నా బొటనవేలి ముద్ర కాలిన తరువాత కూడా అక్కడే ఉంది. సోడా 851 డిగ్రీల దగ్గర కరిగి, మట్టిలోని సిలికాను తనతో కలుపుకుని గాజులా మారుతుంది. 1000 డిగ్రీల బట్టీ నుంచి తీసిన కూజా భుజాన, నూనె రాసిన పనసాకు మీది నిగారింపు! పూర్తి గ్లేజు (నీరు దిగని గాజు పూత) కాదు లెండి, కూజా చెమరుస్తూనే ఉంది.

చేతి తొడుగులు తప్పనిసరి, వేళ్లు మండుతాయి. ఈసారి మూత బిగిసే డబ్బా నేనే పట్టుకెళ్తాను.